మూడు రోజులు ఆలస్యంగా తెలిసిన తప్పు

"ఆ తప్పు నాకు సోమవారమే కనిపించింది, మేడమ్" అన్నాడతను.

అప్పటికి అది ఏడు నెలల పాత సంగతి. ఒక ముఖ్యమైన రిపోర్టులో ఒక పట్టిక మొత్తం పాత లెక్కలతో వెళ్లిపోయింది. గురువారం క్లయింటు దాన్ని పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం పద్నాలుగు మంది ముందు నేను నా టీంలో పనిచేసే ఇతని మీద విరుచుకుపడ్డాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. "చూసుకోవడానికి కళ్లు లేవా" అన్నది వాటిలో కాస్త మెత్తటి మాట. అతను తల వంచుకుని విన్నాడు. రాత్రి కూర్చుని సరిచేశాడు. ఏడు నెలల తర్వాత వేరే టీంకి మారుతూ, వెళ్లేముందు చెప్పి వెళ్దామని వచ్చినప్పుడు ఈ మాట బయటపెట్టాడు.

"మరి సోమవారమే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

కాసేపు ఆగాడు. "అంతకుముందు వారం మీరు ఇంకొకరిని అన్న మాటలు విన్నాను. ఎవరికీ తెలియకుండా నేనే సరిచేసేద్దామనుకున్నాను. ఈలోపే రిపోర్టు వెళ్లిపోయింది."

సోమవారం చెప్పి ఉంటే అరగంట పని. గురువారానికి అది క్లయింటుకు క్షమాపణ, రాత్రంతా పని, పోయిన నమ్మకం. ఏడు నెలలపాటు ఆ నష్టాన్ని నేను అతని ఖాతాలోనే రాసుకున్నాను. అతనికి ఇచ్చే పనులు తగ్గించాను కూడా. తప్పు చేసింది అతనే, అందులో అనుమానం లేదు. కానీ ఆ మూడు రోజులు మింగింది నా కోపం.

కోపం గురించి మనకు చిన్నప్పటి నుంచి చెప్పేవి రెండే విషయాలు. కోపిష్టివాళ్లు మంచివాళ్లు కారు, కోపం ఒంటికి మంచిది కాదు. రెండూ నిజమే కావచ్చు. అయితే నలుగురితో పని చేయించే మనిషికి వీటికన్నా దగ్గరి ప్రమాదం ఇంకొకటి ఉంది. కోప్పడే నాయకుడికి నిజం ఆలస్యంగా తెలుస్తుంది. ముందు చిన్న తప్పులు చెప్పడం మానేస్తారు. తర్వాత అనుమానాలు చెప్పడం మానేస్తారు. ఆ తర్వాత "అంతా బాగానే ఉంది మేడమ్" అన్న ఒక్క మాటే మిగులుతుంది. పైన కూర్చున్న మనిషి మూడ్‌ని కింద పనిచేసేవాళ్లు మబ్బు పట్టిందో లేదో చూసినట్టు చూస్తారు. "ఇవాళ ఎలా ఉన్నారు?" అని తలుపు బయట ఒకరినొకరు అడుగుతారు. చెప్పాల్సిన కబురుని జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోతారు. లోపల కూర్చున్న మనకు ఇదేదీ వినిపించదు. వినిపించని దాన్ని లెక్కపెట్టుకోలేం కాబట్టి, మన కోపం వల్ల పోయిందేమీ లేదనుకుంటాం.

1990లలో ఎమీ ఎడ్మన్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో నర్సుల బృందాలనూ, మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లనూ అధ్యయనం చేసింది. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అంచనా. తీరా చూస్తే లెక్క తలకిందులైంది. మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, అక్కడివాళ్లు ఎక్కువ పొరపాట్లు చేస్తున్నారని కాదు, చేసినవాటిని భయపడకుండా చెబుతున్నారు. భయం ఉన్నచోట కాగితం శుభ్రంగా కనిపిస్తోంది. నా టీం నుంచి ఏ చెడు కబురూ రాని నెలలు నాకు గుర్తున్నాయి. అవి మా మంచి నెలలని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు వాటి గురించి తలుచుకుంటే నిద్ర పట్టదు.

"కోపం వస్తే ఆపుకోలేను, నా స్వభావం అంతే" అని నేనూ చాలా ఏళ్లు చెప్పాను. ఆ మాట అబద్ధమని ఒకరోజు నాకే రుజువైంది. ఒకామె మీద గొంతు పెంచి మాట్లాడుతున్నాను. మధ్యలో నా పైఅధికారి నుంచి ఫోన్ వచ్చింది. "చెప్పండి సర్" అన్నాను. గొంతు దిగింది, మొహం సర్దుకుంది, మాటలో మర్యాద వచ్చింది. దీనంతటికీ రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఎదురుగా నిలబడ్డ ఆమె ఆ మార్పుని చూసింది. ఆమె చూసిందని నాకు తెలిసింది. ఫోన్ పెట్టేశాక మళ్లీ అరవలేకపోయాను.

నిజంగా ఆపుకోలేనిదే అయితే కోపం మనిషిని చూసి రాకూడదు. పైవాడి మీద రానిది కిందివాడి మీద వస్తోందంటే, లోపల ఎవరో లెక్క వేస్తున్నట్టే: ఇక్కడ అరిస్తే నష్టం లేదు, అక్కడ అరిస్తే ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అనే సామెత నవ్వుతూ వాడేస్తాం. కానీ దుత్త వైపు నుంచి ఆలోచిస్తే అందులో నవ్వడానికేమీ లేదు. పైవాళ్ల ముందు మనం రోజూ నిగ్రహం చూపిస్తూనే ఉన్నాం. ఆ విద్య మనకు వచ్చు. కిందివాళ్ల దగ్గర దాన్ని ఖర్చు పెట్టం, అంతే.

ఒళ్లు చేసే పని కూడా కొంత ఉంది, కాదనను. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1915 నాటికే వివరించాడు. అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు పరుగెత్తుతుంది. మీద పడే జంతువు ముందు ఇదంతా ప్రాణం నిలబెడుతుంది. పట్టికలో తప్పు దొరికినప్పుడూ అదే హడావుడి జరగడమే చిక్కు. ఆ నిమిషంలో బుర్ర శత్రువు కోసం వెతుకుతుంది, కారణం కోసం వెతకదు. అందుకే అప్పుడు నోట్లోంచి వచ్చే ప్రశ్నలన్నీ "ఎవరు?"తో మొదలవుతాయి. పనికొచ్చే ప్రశ్నలు చాలావరకు "ఎలా?"తో మొదలవుతాయి.

ఇక్కడ నాతో వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్లది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. "మెత్తగా ఉంటే పని జరగదు. గట్టిగా అరిచిన మర్నాడు చూడు, అందరూ ఎంత చురుగ్గా ఉంటారో" అంటారు. నిజమే, ఉంటారు. నేనూ చూశాను. అందుకే చాలా ఏళ్లు అరిచాను.

డేనియల్ కానెమన్ అనే మనస్తత్వవేత్త ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతున్నాడు. తప్పుకి శిక్షించడం కంటే మంచిపనిని మెచ్చుకోవడం వల్లే మనిషి బాగా నేర్చుకుంటాడన్నది ఆ పాఠం. ఒక సీనియర్ శిక్షకుడు లేచి అడ్డం తిరిగాడు. నేను మెచ్చుకున్న కుర్రాడు తర్వాతిసారి అంత బాగా నడపడు, నేను అరిచిన కుర్రాడు తర్వాతిసారి మెరుగ్గా నడుపుతాడు, మీరు చెప్పేది తప్పు అన్నాడు. ఆయన చూసింది నిజమే, దాని నుంచి తీసిన అర్థమే తప్పు. అసాధారణంగా బాగా నడిపిన రోజు తర్వాత మామూలు రోజు వస్తుంది. అసాధారణంగా చెడగొట్టిన రోజు తర్వాతా మామూలు రోజే వస్తుంది. మెచ్చుకున్నా అరిచినా అది వచ్చేదే. కానెమన్ నేల మీద సుద్దతో ఒక గురి గీసి, వెనక్కి తిరిగి రెండేసి నాణేలు విసరమన్నాడు. మొదటిసారి గురికి దగ్గరగా విసిరినవాళ్లలో చాలామంది రెండోసారి దూరం పోయారు. దూరంగా విసిరినవాళ్లు చాలావరకు దగ్గరికొచ్చారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, పొగడలేదు.

దీని గురించి తెలుసుకున్నాక నేను నా ఏళ్లన్నీ తిరగేసుకున్నాను. మరీ ఘోరమైన తప్పు జరిగిన రోజే కదా నేను అరిచేది. ఆ మర్నాడు ఎలాగూ కొంత మెరుగ్గానే ఉండేది. ఆ మెరుగుని నా అరుపు ఖాతాలో వేసుకున్నాను. అరుపుకి బహుమతి దొరికినట్టే ఉంటుంది, కాబట్టి మళ్లీ అరుస్తాం. మెచ్చుకున్నప్పుడేమో శిక్ష పడినట్టు ఉంటుంది, కాబట్టి మెచ్చుకోవడం తగ్గిస్తాం. ఇలా ఒక మనిషి ఏ దురుద్దేశమూ లేకుండానే ఏళ్ల తరబడి కఠినంగా మారిపోవచ్చు. చురుకుదనం అని మనం అనుకున్నదాంట్లో భయం పాలు ఎంతో వేరుగా కొలవలేం. కానీ భయంతో వచ్చిన చురుకు, చూస్తున్న కళ్లు అటు తిరగగానే ఆగిపోతుంది. ఇది మాత్రం నేను చాలాసార్లు చూశాను.

మరి ఏం చేయాలి? "లోపలే దిగమింగు" అన్నది అందరూ ఇచ్చే సలహా. నేను ఒక ఏడాది అదే చేశాను. అరవడం మానేశాను. దాని బదులు మొహం గట్టిగా పెట్టుకుని, "సరే" అని ఒక్క మాట అని, లేచి వెళ్లిపోయేదాన్ని. నేను మారిపోయానని నాకు నేనే మురిసిపోయాను. టీంలో ఒకామె చెప్పింది: "మేడమ్, ఇంతకన్నా అరిస్తేనే నయం. కనీసం మీరు ఏమనుకుంటున్నారో తెలిసేది." 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, మనసు కలతపెట్టే సినిమా చూసి దాని గురించి మాట్లాడుకోమని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టారు. కొన్ని జంటల్లో ఒకరికి, లోపల ఏముందో పైకి కనిపించనివ్వొద్దని రహస్యంగా చెప్పారు. అలా దాచినవాళ్ల ఎదురుగా కూర్చున్నవాళ్లకు రక్తపోటు పెరిగింది. బిగుసుకున్న మొహం ముందు కూర్చోవడం అవతలి ఒంటికి తెలుస్తుందన్నమాట. ఆ ఏడాది నా టీం ఒళ్లు ఏం అనుభవించిందో నేను ఊహించగలను.

వెళ్లగక్కేస్తే పోతుందన్నది దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న నమ్మకం. దిండుని గుద్దు, కారెక్కి గట్టిగా అరువు, స్నేహితుడి దగ్గర కడిగేయి అంటారు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్లకు కోపం తగ్గలేదు, మిగతావాళ్లకన్నా ఎక్కువగానే ఉంది. ఏమీ చేయకుండా కాసేపు ఊరికే కూర్చున్నవాళ్లే తర్వాత అవతలివాళ్ల మీద తక్కువ కసి చూపించారు. మంటకి గాలి విసిరి చల్లారమంటే ఎలా చల్లారుతుంది?

నాకు పనికొచ్చింది ఈ రెండింటి మధ్యా దొరికింది. కోపానికి సరైన పేరు పెట్టడం. ఇది చెప్పినంత చిన్న పని కాదు. మన భాషలో ఈ కుటుంబం చాలా పెద్దది. విసుగు వేరు, చిరాకు వేరు. అక్కసు వేరు, కసి వేరు. మనం గౌరవించేవాళ్లు చిన్నచూపు చూస్తే పొడుచుకొచ్చేది రోషం. ఇష్టమైనవాళ్లు మన మాట పట్టించుకోకపోతే వచ్చేది నిష్ఠూరం. ఏమీ చేయలేని స్థితిలో, అవమానం తడిగా ఉండగా వచ్చే ఏడుపులాంటి కోపం ఉక్రోషం. దీనికి ఇంతకన్నా కచ్చితమైన మాట నాకు దొరకలేదు. ఆ గురువారం నాకు వచ్చింది ఏమిటని ఇప్పుడు నన్ను నేను అడిగితే, అది కోపం కానే కాదు. క్లయింటు ముందు నాకు మాట పడింది, తిరిగి అనలేకపోయాను. అది ఉక్రోషం. దానికీ ఆ కుర్రాడికీ ఉన్న సంబంధం సగమే. మిగతా సగం క్లయింటుకి చెందింది. మొత్తం అతని నెత్తిన పోశాను.

2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగుతో చేసిన పరిశోధనలో, బొమ్మలో కనిపిస్తున్న ఉద్వేగానికి పేరు పెట్టమన్నప్పుడు మెదడులో భయాన్నీ ప్రమాదాన్నీ పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో చురుకు తగ్గింది. నేను చేసేది దానికన్నా మోటు పని. ఒళ్లు వేడెక్కగానే ఒక కాగితం మీద ఒక్క మాట రాస్తాను. "కోపం" అని రాయకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. ఇంకో మాట వెతకాలి. ఆ వెతుకులాటకు పట్టే నిమిషం చాలు. ఎక్కువసార్లు రాసేది "భయం" అని. గడువు తప్పుతుందన్న భయం, నా పైవాళ్ల ముందు చిన్నబోతానన్న భయం. భయమని తెలిశాక అరవాలనిపించదు, ఎవరినైనా సాయం అడగాలనిపిస్తుంది.

పెద్ద విషయమైతే ఉత్తరం రాస్తాను. ఈ పద్ధతి చెప్పేవాళ్లందరూ అమెరికా అధ్యక్షుడు లింకన్ కథ ఎత్తుతారు. నేనూ ఎత్తుతాను గానీ, మామూలుగా వదిలేసే భాగం కూడా కలిపి. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులై మొదటి మూడు రోజుల్లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ వైపు సేనాని జనరల్ మీడ్ గెలిచాడు. ఓడిన దక్షిణాది సేనాని లీ సైన్యం వెనక్కి పోతూ, వరదెత్తిన పొటోమాక్ నది దగ్గర ఆగిపోయింది. మీడ్ వెంటనే మీద పడలేదు. నీళ్లు తగ్గాక 13వ తేదీ రాత్రి లీ నది దాటి తప్పించుకున్నాడు. 14న లింకన్ మీడ్‌కి ఉత్తరం రాశాడు. మీరు సాధించిన విజయానికి ఎంతో కృతజ్ఞుణ్ణి అని మొదలుపెట్టి, బంగారంలాంటి అవకాశం చేజారిపోయింది, అందుకు నా బాధకి అంతు లేదు అన్నదాకా రాశాడు. సంతకం పెట్టలేదు, పంపలేదు. కవరు మీద పంపలేదని రాసి దాచాడు.

వదిలేసే భాగం ఇది. లింకన్ అసంతృప్తి మీడ్‌కి తెలియకుండా ఏమీ పోలేదు. ప్రధాన సేనాని హాలెక్ తంతి ద్వారా అది అదే రోజు చేరింది. మీడ్ నొచ్చుకుని, తనను తప్పించమని అడిగాడు. మందలింపు ఉద్దేశం కాదని హాలెక్ సర్దిచెప్పాడు. లింకన్ ఆ ఉత్తరం మొదలుపెట్టిందే మీడ్ నొచ్చుకున్నాడని తెలిసి. అంటే ఇది మాట మింగేసిన మహాత్ముడి కథ కాదు. అసంతృప్తి చెప్పాల్సినంత చెప్పబడింది. చెప్పిన దానికి పైన ఉన్న బాధ, మనిషిని విరిచేసే భాగం, కవర్లో ఉండిపోయింది. మీడ్ 1865లో యుద్ధం ముగిసేదాకా ఆ సైన్యానికి సేనానిగానే ఉన్నాడు. నాకు ఈ కథ ఇలాగే నచ్చుతుంది. చెప్పాల్సింది చెప్పకుండా వదిలేయడం నాయకత్వం కాదు. అందులో ఎంత పనికి సంబంధించింది, ఎంత నా గాయానికి సంబంధించింది అని విడదీయడానికి ఉత్తరం రాసుకోవాలి. నా ఉత్తరాల్లో మర్నాడు చదివితే పంపదగ్గవి రెండు మూడు వాక్యాలే మిగులుతాయి. ఆ రెండు మూడూ మాత్రం ఆ మనిషిని కూర్చోబెట్టుకుని చెబుతాను. తలుపు వేసి, ఫోన్ పక్కన పెట్టి.

అలా చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. "నువ్వు ఎప్పుడూ ఇంతే" అన్న వాక్యం ఎంత నెమ్మదిగా అన్నా అరుపే. "బుధవారం రిపోర్టు పంపేముందు పట్టిక ఎవరు సరిచూడాలని అనుకున్నాం?" అన్నది ప్రశ్న. దానికి జవాబు ఉంటుంది. ఆ రిపోర్టు విషయంలో ఆ జవాబు "ఎవరూ అనుకోలేదు" అని. సరిచూసే పని ఎవరికీ అప్పగించలేదు. అప్పగించాల్సింది నేను.

నలుగురిలో అన్న మాటకి క్షమాపణ గదిలో చెప్పుకుంటే సరిపోదని కూడా నా అభిప్రాయం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 ఆగస్టులో ఇటలీలోని సిసిలీ ద్వీపంలో అమెరికా జనరల్ పాటన్ ఆసుపత్రి గుడారాల్లో, యుద్ధంలో మనసు చెదిరిన ఇద్దరు సైనికుల్ని వేర్వేరు రోజుల్లో పిరికివాళ్లని తిట్టి చెంపదెబ్బలు కొట్టాడు. వాళ్లలో ఒకరికి మలేరియా ఉందని తర్వాత తేలింది. పై సేనాని అయిన ఐసెన్‌హోవర్ పాటన్‌ని గట్టిగా మందలించి, ఆ సైనికులకూ, చూసినవాళ్లకూ కూడా క్షమాపణ చెప్పించాడు. చూసినవాళ్లకు కూడా అన్నదే నాకు ముఖ్యం. దెబ్బ ఒకరికి తగిలినా భయం గదిలో అందరికీ తగులుతుంది. ఆ కుర్రాడు సోమవారం నోరు మూసుకున్నది తనను తిట్టినందుకు కాదు కదా, ఇంకొకరిని తిట్టగా విన్నందుకు.

కోపం అసలే రాకూడదని నేను అనడం లేదు. మా టీంలో ఒకమ్మాయిని ఒక క్లయింటు మీటింగులో హేళన చేస్తే నాకు కోపం వచ్చింది. దాచలేదు. "ఇలా మాట్లాడితే మీటింగ్ ఇక్కడితో ఆపేద్దాం" అన్నాను. గొంతు వణికింది. ఆ కోపం వెళ్లాల్సిన వైపుకే, పైకే వెళ్లింది. దాని గురించి నాకు ఏ విచారమూ లేదు.

ఆ కుర్రాడు వెళ్లిపోయిన వారం నేను టీం అందర్నీ కూర్చోబెట్టి, గురువారం నాటి మాటల గురించి, అంతకుముందు వారం మాటల గురించి పేరుపేరునా క్షమించమని అడిగాను. అతన్నీ పిలిపించాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక క్షమాపణతో నమ్మకం తిరిగొస్తుందని నేనూ అనుకోలేదు. అప్పటి నుంచి ఒక లెక్క మాత్రం రాసుకుంటున్నాను. తప్పు జరిగినప్పటి నుంచి అది నా చెవిన పడేదాకా ఎంతసేపు పట్టింది? మొదట్లో రోజుల్లో ఉండేది. చాలా నెలలు అక్కడే ఉండిపోయింది.

పోయిన వారం కొత్తగా చేరిన ఒకమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "ఒక మాట చెప్పాలి మేడమ్. మీకు కోపం రావచ్చు" అంది. కూర్చోమన్నాను. ఒక ఫైలు తప్పు మనిషికి వెళ్లిపోయింది. ఒళ్లు వేడెక్కింది, ఎప్పటిలాగే. కాగితం మీద ఒక మాట రాసుకున్నాను. తర్వాత ఎప్పుడు జరిగిందని అడిగాను.

"నలభై నిమిషాలైంది" అంది.